చార్టులో 6/6, షాపులో మాత్రం కాదు

నా కుడి కంటికి 6/6 ఉంది. ఆసుపత్రి కాగితం మీద సంతకంతో సహా రాసి ఉంది. చార్టులో సన్న అక్షరాలు తడుముకోకుండా చదివేస్తాను. అయినా ఎడమ కన్ను మూసి మా షాపులో మిరపపండు ఎరుపు రుబియా తాను చూస్తే, ఎండలో ఏడాది పడి ఉన్న గుడ్డలా వెలిసిపోయి కనిపిస్తుంది. కుడి కన్ను మూసి చూస్తే మళ్లీ కొత్త తానే.

గుంటూరు బ్రాడీపేటలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్స్, లేసులు. రంగు చూసి చెప్పడమే మా బతుకుతెరువు. నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎంఎస్) అనే మెదడు, నరాల జబ్బు ఉందని, అది కంటి నరంతో మొదలైందని చుట్టాలందరికీ తెలుసు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. మా అత్తయ్య అయితే రోజూ అడుగుతుంది. "కన్ను బాగైందని డాక్టరే అన్నాడుగా, ఇంకేంటమ్మా నీ బాధ?" ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదట వచ్చింది నొప్పి. ఊరికే కూర్చుంటే ఏమీ లేదు. పక్కకు చూస్తే చాలు, కనుగుడ్డును వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ఉండేది. జలుబు దిగక సైనస్ పట్టిందని ఇంట్లో తేల్చేసి, పసుపు వేసి ఆవిరి పట్టించారు. ఆవిరి పట్టినప్పుడల్లా కుడివైపు ఇంకా మసకయ్యేది. అది ఎందుకో తర్వాత తెలిసింది, కింద చెబుతాను.

పెళ్లిళ్ల సీజన్ అది. ఒకావిడ మెరూన్ అంచు చీర తెచ్చింది. ట్యూబ్ లైటు కింద మెరూన్‌ను ఈ వ్యాపారంలో ఎవరూ నమ్మరు. చీరనూ గుడ్డనూ గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూపిస్తాం. అలా గుమ్మంలో నిలబడి ఉండగా ఎడమ కంట్లో ఏదో నలక పడింది. నలుపుకుంటూ కుడి కంటితో చూస్తే అంచు కాఫీపొడి రంగులోకి దిగిపోయింది. చెయ్యి తీసేస్తే మెరూన్. మళ్లీ మూశాను, మళ్లీ కాఫీపొడి. ఆవిడ నావైపు వింతగా చూస్తోంది. రెండు మూడు రోజుల్లో కుడి కంటి నడిమధ్యలో బూడిద రంగు మచ్చ లాంటిది వచ్చి కూర్చుంది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు.

దగ్గర్లో ఉన్న కంటి డాక్టరు యంత్రంలో చూసి లోపల అంతా శుభ్రంగా ఉందన్నారు, చుక్కల మందు రాశారు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. ఆప్టిక్ న్యూరైటిస్ అంటే కంటి నరం వాపు. ఆ వాపు చాలామందిలో కంటికి బాగా వెనక వస్తుంది. మూడింట రెండు వంతుల మందికి, కంట్లోకి లైటు వేసి చూస్తే నరం మొదలు మామూలుగానే కనిపిస్తుంది. దీని మీద డాక్టర్లలో ఒక పాత జోకు ఉందట: ఈ జబ్బులో పేషెంటుకూ ఏమీ కనబడదు, డాక్టరుకూ ఏమీ కనబడదు.

రెండో డాక్టరు దగ్గర జరిగిన పరీక్షలకు పెద్ద సరంజామా ఏమీ లేదు. ఒక పెన్ను లైటు, ఒక మందు సీసా మూత. గదిలో లైట్లు ఆర్పి, నన్ను దూరంగా గోడను చూడమన్నారు. ఎడమ కంటి మీద లైటు వేశారు. ఒకటి, రెండు లెక్కపెట్టేంత ఆగి కుడి కంటి మీదకు మార్చారు, మళ్లీ ఎడమకు. మా ఆయన పక్కనే స్టూలు మీద ఉన్నాడు. "సార్, లైటు వేస్తే నల్లగుడ్డు చిన్నదవ్వాలి కదా, కుడిది పెద్దదవుతుందేంటి?" అన్నాడు. సరిగ్గా దాని కోసమే చూస్తున్నారట. ఎడమ కంటి మీద లైటు పడ్డప్పుడు, చాలా వెలుతురు ఉందని మెదడుకు కబురు వెళ్లి రెండు కనుపాపలూ ముడుచుకుంటాయి. అదే లైటు కుడి కంటికి మార్చగానే కబురు బలహీనంగా వెళ్లి, వెలుతురు తగ్గిందనుకుని రెండూ విప్పారతాయి. దీన్ని మార్కస్ గన్ ప్యూపిల్ అంటారు. పేషెంటు నటించి తెప్పించగలిగేది కాదిది.

తర్వాత కనుపాప పెద్దది చేసే చుక్కల సీసా తీసి, దాని ఎర్ర మూతను ఒక్కో కంటికి విడిగా చూపించారు. "ఎడమ కంటికి కనిపించే ఎరుపు వంద రూపాయలనుకో, కుడి కంటికి ఎంత ఇస్తావమ్మా?" అని అడిగారు. నలభై ఇస్తానన్నాను. బేరం అక్కడితో ఆగింది, ఎంఆర్ఐకి రాశారు.

ఇక్కడ నరం గురించి కొంచెం చెప్పాలి. కంటి నరం అంటాం గానీ, చేతికీ కాలికీ పోయే నరాల జాతి కాదది. మెదడులో భాగమే ముందుకు సాగి కంటిదాకా వచ్చింది. అందుకే మెదడును పట్టే జబ్బు దాన్నీ పడుతుంది. ఒక్కో కంటి నరంలో 10 నుంచి 12 లక్షల పోగులుంటాయి. ఒక్కో పోగు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్లు చుట్లుగా ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే జరీ. లోపల పట్టు దారం, దాని చుట్టూ సన్నటి రేకు. రేకు అరిగితే దారం తెగదు కానీ మెరుపు పోతుంది. రేకు లేని దారం నలిగి నలిగి చివరికి తెగుతుంది కూడా. ఎంఎస్‌లో మన రోగనిరోధక కణాలే ఆ పొర మీద పడతాయి. పొర పోయినచోట కబురు ఆగిపోతుంది, లేదా నిదానంగా పోతుంది. వాపు తగ్గాక పొర కొంత తిరిగి పడుతుంది, మునుపటంత దళసరిగా కాదు. ఈలోపు తెగిన పోగులు మాత్రం మళ్లీ రావు.

ఎంఆర్ఐలో మెదడులో కూడా మచ్చలు కనిపించాయి. నడుము నుంచి నీరు తీశారు. రక్తంలో ఆక్వాపోరిన్-4, మాగ్ అనే రెండు యాంటీబాడీల పరీక్షలు చేయించారు. రెండూ నెగటివ్. ఈ రెండు పరీక్షల గురించి గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. కంటి నరం వాచిన ప్రతివాళ్లకూ ఎంఎస్ ఉండదు. మన దేశంలో ఆ యాంటీబాడీలతో వచ్చే ఎన్‌ఎంఓ, మాగ్ అనే వేరే జబ్బుల వల్ల వాచినవాళ్లు కూడా గట్టిగానే ఉంటారు. ఎంఎస్‌కు వాడే మందుల్లో కొన్ని, ఎన్‌ఎంఓ ఉన్నవాళ్లకు మేలు చేయకపోగా ముంచేస్తాయి. ఆక్వాపోరిన్ యాంటీబాడీని కనుక్కున్నది 2004లో. అంతకుముందు ఎంతమందికి ఏ మందు ఇచ్చి ఉంటారో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

స్టెరాయిడ్ సెలైన్‌లో కలిపి ఎక్కించారు. నోరంతా ఇత్తడి చెంచా చప్పరించినట్టు. రాత్రి నిద్ర లేదు, అర్ధరాత్రి లేచి మంచం మీద లేసు చుట్టలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఈ వైద్యానికి ఆధారం అమెరికాలో 1988లో మొదలైన ఒక పెద్ద పరీక్ష, ఆప్టిక్ న్యూరైటిస్ ట్రీట్‌మెంట్ ట్రయల్. 1992లో వచ్చిన ఫలితాలు చూస్తే నాలాంటివాళ్లకు కొంచెం నీరసం వస్తుంది. సెలైన్‌లో ఎక్కించిన స్టెరాయిడ్ చూపును త్వరగా తెస్తుంది, అంతే. ఏడాది తిరిగేసరికి, ఎక్కించుకున్నవాళ్ల చూపూ ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్ల చూపూ దాదాపు ఒకటే. అసలు ఆశ్చర్యం మామూలు డోసులో స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే మింగినవాళ్లది. వాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. మెడికల్ షాపులో అడిగి ప్రెడ్నిసొలోన్ తెచ్చుకుని మింగే అలవాటు మన దగ్గర ఎంత ఉందో తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను. కన్ను కదిపితే నొప్పి, దాంతోపాటు రంగులు వెలిసిపోవడం, ఈ రెండూ కలిసి వస్తే ఆ వారంలోనే న్యూరాలజిస్టు దగ్గరకు పోవాలి.

అదే ట్రయల్ వాళ్లను పదిహేనేళ్లు గమనించారు. మొదటి రోజు ఎంఆర్ఐలో ఒక్క మచ్చ కూడా లేనివాళ్లలో 25 శాతం మందికి తర్వాత ఎంఎస్ వచ్చింది. ఒకటో అంతకంటే ఎక్కువో మచ్చలున్నవాళ్లలో 72 శాతం. చాలా ఏళ్లు ఎంఎస్ నిర్ధారణ ప్రమాణాల్లో మెదడు, వెన్నుపాముల్లో నాలుగు చోట్లనే లెక్కలోకి తీసుకునేవారు. జబ్బు తరచుగా మొదలయ్యే కంటి నరానికి ఆ జాబితాలో చోటు లేదు. 2024 సవరణలో దాన్ని అయిదో చోటుగా చేర్చారు. ఇన్నాళ్లు ఎందుకు పట్టిందో!

కొన్ని వారాల్లో చూపు తిరిగొచ్చింది. బూడిద మచ్చ పలచబడి, పక్కకు జరిగి, పోయింది. చార్టులో 6/6 వచ్చింది. ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. అసలు కథ ఇక్కడి నుంచే మొదలు, ఎందుకంటే దీన్ని ఎవరూ నమ్మరు.

చార్టు అంటే ఏమిటి? తెల్లటి పలక మీద కారునలుపు అక్షరాలు. అంత కొట్టొచ్చినట్టు ఉండేవి లోకంలో ఎన్ని ఉంటాయి? మా షాపులో బూడిద రంగు లైనింగులే ఆరేడు షేడ్లు. సిమెంటు మెట్టు మీద సిమెంటు మెట్టు. స్టీలు గిన్నెలో పాలు. సాయంత్రం ఆరున్నరకు దుమ్ములో నడిచే మనిషి. ఇవన్నీ లేత మీద లేత. ఆసుపత్రిలో ఇంకో చార్టు ఉంది. దానిలో అక్షరాలు అదే సైజులో ఉంటాయి గానీ, తెలుపు మీద లేత బూడిద రంగులో అద్ది ఉంటాయి. ఎడమ కంటితో చకచకా చదివాను. కుడి కంటితో పై వరసల్లోనే ఆగిపోయాను. అక్కడ అక్షరం ఉందన్న సంగతే కొన్నిసార్లు తెలియలేదు. మా అత్తయ్యను తీసుకెళ్లి ఆ చార్టు ముందు నిలబెట్టాలని ఉంది.

ఆ నష్టానికి అంకెలు కూడా ఉన్నాయి. కంటి వెనక తెరలో, నరం బయటకు వెళ్లేలోపు, పోగుల మీద మైలిన్ ఉండదు. అందువల్ల ఓసీటీ అనే స్కాన్‌తో ఆ ఒట్టి పోగుల పొర మందాన్ని నేరుగా కొలవచ్చు. శరీరంలో ఇంకెక్కడా నరం పోగులు ఇంత సులువుగా లెక్కకు చిక్కవు. నా ఎడమ కంటిది 98 మైక్రాన్లు, కుడి కంటిది 74. ఆ తేడా అంతా తెగిపోయిన దారాలే.

ఇంకోటి వీఈపీ. తల మీద జిగురుతో వైర్లు అంటించి, టీవీలో నలుపు తెలుపు గళ్ల బోర్డు చూపిస్తారు. గళ్లు టక్ టక్‌మని తారుమారవుతుంటాయి. గళ్లు మారిన తర్వాత దాదాపు 100 మిల్లీసెకన్లకు తల వెనక భాగంలో ఒక అల వస్తుంది. పేరు పి100. పొర పోయిన నరంలో ఆ అల ఆలస్యంగా వస్తుంది. లండన్‌లో హాలిడే, మెక్‌డొనాల్డ్, ముషిన్ 1972లో దీన్ని చూపించారు. చూపు మామూలుగా అయిపోయినవాళ్లలో కూడా ఆ ఆలస్యం పోలేదు. నాకు ఎడమ 102, కుడి 131. దాదాపు 30 మిల్లీసెకన్లు. మా ఆయన "సెకన్లో మూడో వంతు కూడా కాదు, ముప్ఫయ్యో వంతు, దానికెందుకు టెన్షన్" అన్నాడు.

ఎందుకో చెబుతాను. చూపు వచ్చాక రోడ్డు దాటడం కష్టమైంది. ఎడమ నుంచి వచ్చే ఆటో, నామీదకే మళ్లుతున్నట్టు ఉంటుంది. కుడి నుంచి వచ్చే బండి ఉన్నదానికంటే దూరంగా ఉందనిపిస్తుంది. షాపు కుర్రాడు దారపు ఉండ విసిరితే పట్టుకోలేను. భయం వల్ల అనుకున్నారు. డాక్టరు గారు వినగానే, ఇంటికి వెళ్లి ఏదైనా దారానికి కట్టి ఊపి చూడమన్నారు. కత్తెర కట్టాను, షట్టర్ కొక్కేనికి. కుర్రాడు దాన్ని తిన్నగా ఎడమా కుడీ ఊపాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. నాకు కత్తెర తిన్నగా పోవడం లేదు, గుండ్రంగా తిరుగుతోంది. ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు నా ముక్కు దగ్గరికి వస్తోంది, తిరిగి వెళ్లేటప్పుడు కొక్కేనికి అవతల నుంచి పోతోంది. "తిన్నగా ఊపరా" అంటే, "తిన్నగానే పోతోందక్కా" అంటాడు. ఒక కన్ను మూశాను. తిన్నగా అయింది. తెరిచాను, మళ్లీ గుండ్రం.

దీని పేరు పుల్‌ఫ్రిచ్ వింత. కుడి కంటి కబురు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఆ కంటి లెక్కలో కత్తెర కాస్త వెనక చోటులోనే ఉంటుంది. రెండు కళ్లూ ఒకే వస్తువును రెండు చోట్ల చూపిస్తే, మెదడు ఆ తేడాను దగ్గరా దూరం కింద లెక్కగడుతుంది. కదలనివాటితో ఇబ్బంది లేదు, పక్కకు కదిలేవాటితోనే తంటా. కార్ల్ పుల్‌ఫ్రిచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1922లో దీన్ని వివరించాడు. ఆయనకు ఒక కంటి చూపు లేదు, అంటే తన పేరు పెట్టిన వింతను ఆయన తానుగా చూడలేకపోయాడు!

విరుగుడు ఇంకా వింత. బాగున్న కంటి ముందు నల్ల అద్దం పెట్టాలి. వెలుతురు తగ్గితే మంచి కన్ను కూడా నిదానిస్తుంది, రెండూ ఒకే వేగానికి వస్తాయి. మా చెల్లెలి కూలింగ్ గ్లాసులోంచి ఒక అద్దం ఊడదీసి, మిగిలినది ఎడమ కంటికి వచ్చేలా పెట్టుకుని చూశాను. కత్తెర దాదాపు తిన్నగా ఊగింది. ఇప్పుడు రోడ్డు మీదకు వెళ్లేటప్పుడు ఎడమ వైపు మాత్రమే రంగు వేయించిన కళ్లజోడు పెట్టుకుంటాను. చూసినవాళ్లు ఎడమ కన్నే పోయిందనుకుని జాలిపడతారు. పడనీ.

ఇక ఎండ. గుంటూరు మే నెల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. మధ్యాహ్నం ఆటో దిగి షాపులోకి వచ్చేసరికి కుడి కంటి ముందు పల్చటి మజ్జిగ పోసినట్టు ఉంటుంది. ఏసీ కింద కూర్చుంటే పోతుంది. పొయ్యి దగ్గర, గబగబా మెట్లెక్కినప్పుడు, వేడినీళ్ల స్నానం తర్వాత, జ్వరంలో కూడా ఇంతే. పొర పలచబడ్డ నరం మామూలు వేడిలో ఎలాగో నెట్టుకొస్తుంది, ఒంటి వేడి కొంచెం పెరగగానే కబురు మోయలేక చేతులెత్తేస్తుంది. ఒళ్లు అలిశాక చూపు ఇలా మసకబారడాన్ని జర్మనీ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే రాశాడు. ఎంఆర్ఐ లేని రోజుల్లో, ఎంఎస్ అనుమానం ఉన్నవాళ్లను వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూసేవారు కూడా. మా ఇంట్లో పసుపు ఆవిరితో అదే పరీక్ష ఉచితంగా జరిగిపోయిందన్నమాట. దీనివల్ల కొత్తగా నరం దెబ్బతినదు, చల్లబడితే సర్దుకుంటుంది. ఒకరోజు దాటినా, చల్లగా ఉన్నా మసక పోకపోతేనే కొత్త వాపేమోనని చూపించుకోవాలి.

ఇవన్నీ ఈ కాలపు జబ్బులనేవాళ్లకు ఒక మాట. ఇంగ్లండు రాజు మూడో జార్జి మనవడు ఒకాయన ఉండేవాడు, అగస్టస్ డెస్టే. 1822లో దగ్గరి బంధువు అంత్యక్రియల తర్వాత ఉన్నట్టుండి ఉత్తరాలు చదవలేకపోయాడు, వేరేవాళ్లు చదివి వినిపించాల్సి వచ్చింది. మందేమీ లేకుండానే చూపు తిరిగొచ్చింది. కొన్నేళ్లకు మళ్లీ పోయింది, ఆ తర్వాత ఒకటి రెండుగా కనిపించడం మొదలైంది. డైరీలో ఇవన్నీ రాసుకున్నాడు. తనకేం జబ్బో తెలియకుండానే పోయాడు, ఎందుకంటే అప్పటికి దానికి పేరే లేదు.

షాపులో ఇప్పుడు ఎరుపు, మెరూన్, రాణీ రంగు, వంగపండు రంగు వస్తే కుడి కన్ను మూసేసి చూస్తాను. ఆకుపచ్చలూ నీలాలూ రెండు కళ్లతోనే నడుస్తాయి. మెట్ల అంచులకు పసుపు టేపు అంటించాం, అది మా అత్తయ్యకు కూడా పనికొస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉంది. కానీ చూపు లెక్క వచ్చేసరికి చూసేది చార్టునూ, చుట్టూ ఎంత మేర కనిపిస్తుందన్నదాన్నీ. రంగులకూ, లేత మీద లేతకూ, గుండ్రంగా తిరిగే కత్తెరకూ అక్కడ గడి లేదు. సర్టిఫికెట్ ఆశ నేను పెట్టుకోలేదు.

ఆ మధ్య ఒక సంగతి చదివి డాక్టరు గారిని అడిగాను. క్లెమాస్టిన్ అని పాతకాలపు అలర్జీ మాత్ర. పోయిన మైలిన్‌ను మళ్లీ పడేలా చేస్తుందేమోనని కాలిఫోర్నియాలో 50 మంది మీద వాడి చూశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. గళ్ల బోర్డు పరీక్షలో ఆలస్యం తగ్గింది, కంటికి 1.7 మిల్లీసెకన్ల చొప్పున. నాకూ రాయమన్నాను. నా ముప్ఫయిలోంచి 1.7 తీసేస్తే ఎంతో నన్నే చెప్పమన్నారు. ఆ మాత్రతో మత్తు, నీరసం ఉంటాయని, దాన్ని వైద్యంగా ఇంకా ఎవరూ ఒప్పుకోలేదని, ముందు కొత్త మచ్చలు రాకుండా ఇస్తున్న మందు మానకుండా వేసుకోమని చెప్పారు. ఆర్నెల్లకొకసారి ఓసీటీ. ఈసారి ఎడమ కంటిది కూడా జాగ్రత్తగా చూస్తారట.